చివర్లో చెబుదామనుకున్న సంగతి

పోయిన వారం మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరుగారు ఫోను చేశారు. బడిలో సైన్సు గదికి మా పెదనాన్న పేరు పెడుతున్నారట, గుమ్మం పైన ఫ్లెక్సీ కట్టిస్తున్నారట, దాని మీద ఆయన జీవితం గురించి నాలుగు లైన్లు నేను రాసి పంపాలట. "నాలుగే చాలండి మేడమ్. ఐదో లైను రాశారంటే ఎమ్మెల్యేగారి ఫోటో కిందకి జారిపోద్ది" అన్నారు. మంచి మనిషి, దాపరికం లేనివాడు. నేను మంగళగిరిలో మా వరండాలో కూర్చుని, పక్కింటి మగ్గం చప్పుడు వింటూ, ఆయన పుట్టిన ఊరు, చదివిన చదువు, చేసిన ఉద్యోగం రాసుకొచ్చాను. మూడు లైన్లయ్యాయి. అంతలో హెడ్మాస్టరుగారు మళ్ళీ ఫోను చేసి, "ఒక్క డౌటండి. ఊళ్ళో పెద్దోళ్ళని ఎవర్నడిగినా ఆయన ఉపన్యాసాల గురించే చెబుతున్నారు. మరి అంత బాగా చెప్పే మనిషి ఉన్నట్టుండి ఎందుకు మానేశారండీ?" అని అడిగారు. గొంతు బాగోలేక మానేశాడండీ, అన్నాను. మా ఇంట్లో అందరం ఇన్నేళ్ళుగా అదే చెబుతున్నాం. ఫోను పెట్టేశాక ఇంక నాలుగో లైను రాయబుద్ధి కాలేదు.

మా పెదనాన్న భౌతికశాస్త్రవేత్త. మా నాన్నకు ఒక్కగానొక్క అన్న. పత్తి, మిరప తప్ప మూడో మాట ఎరగని ఇంట్లో పుట్టి, గుంటూరులో కాలేజీ చదివి, ఆ తర్వాత ఎక్కడో ఉత్తరాదిన, ఆపైన సముద్రం దాటి వెళ్ళి, గాలిలో తేలే ధూళి మీద వెలుతురు పడితే అది ఎటు చెదురుతుందన్న సంగతి మీద పరిశోధన చేశాడు. మన దేశంలో ఆ పనికి దారి వేసిన కొద్దిమందిలో ఆయనొకడని ఆయన శిష్యులు చెబుతారు. నాకు అంతకంటే తెలియదు; ఇన్సూరెన్సు ఆఫీసులో ప్రీమియంలు కట్టించుకుని రిటైరైనదాన్ని. మా నాయనమ్మకైతే ఇంకా తక్కువ తెలుసు. "దుమ్ము గురించి చదువుకోడానికి అంత దూరం పోవాలంట్రా? మన కల్లంలో లేదా?" అందట. మిరపకాయలు ఆరబోసి తిరగేసే రోజుల్లో మా కల్లంలో లేచే దుమ్ము చూసినవాళ్ళెవరూ ఆవిడతో వాదించలేరు. పెదనాన్న ఆ మాట జీవితాంతం తలుచుకుని నవ్వేవాడు. నవ్వి ఊరుకోలేదు, నమ్మాడు కూడా. పెద్ద నగరంలో పెద్ద ఉద్యోగం వదిలేసి గుంటూరు వచ్చి కాలేజీలో చేరాడు. వాళ్ళను బతిమాలి ఒక చీకటి గది సంపాదించి, అద్దాలూ గొట్టాలూ అమర్చుకుని, అక్కడే తన పని మొదలుపెట్టాడు. తర్వాత అక్కణ్ణించే పేరు తెచ్చుకున్నాడు.

ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆ చీకటి గదికి తాళం పడేది. ఒక రేకుపెట్టెలో భూతద్దాలు, టార్చిలైటు, గాజుగ్లాసు సర్దుకుని బస్సెక్కేవాడు. పత్తి జిన్నింగ్ మిల్లులో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల ముందు, మిరప కల్లాల్లో, పదిమంది కూర్చోడానికి ఎక్కడ చోటుంటే అక్కడ ఉపన్యాసం. తెలుగులో, అదీ మా ఊరి తెలుగులో. పొద్దుగూకేటప్పుడు సూర్యుడు ఎర్రగా ఎందుకుంటాడో చెప్పడానికి గ్లాసు నీళ్ళలో నాలుగు చుక్కల పాలు వేసి, వెనక నుంచి టార్చి వెలిగించేవాడు. ఆ నీళ్ళలోంచి వచ్చిన వెలుతురు నిజంగానే సాయంకాలపు రంగుకి తిరిగేది. ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ అది చూసి ముక్కున వేలేసుకుని, "అయ్యా, ఆ పాలు ఇంక కాఫీకి పనికొస్తయ్యా?" అని అడిగింది. సింగరాయకొండలో హైవే పక్కన చాపలు వేయించి జనాన్ని కూర్చోబెట్టి, లారీ హారను దగ్గరికొచ్చేటప్పుడు ఒక తీరుగా, దాటిపోయాక ఇంకో తీరుగా ఎందుకు వినపడుతుందని అడిగాడు. వాళ్ళు శ్రద్ధగా లారీలు వింటూ కూర్చున్నారు. వీళ్ళేదో రాస్తారోకోకి తయారవుతున్నారనుకుని డ్రైవర్లు ఇంకా గట్టిగా హారన్లు కొట్టారు. అంత బాగా కుదిరిన ఉపన్యాసం మరొకటి లేదని ఆయనే చెప్పుకునేవాడు. పొదిలిలో మాత్రం మెట్ట రైతులు, "మబ్బులు మా నెత్తిమీదగానే పోతన్నాయి గదండీ, మాకెందుకు కురవ్వు?" అని నిలదీస్తే, తెలిసినంత చెప్పి, మిగతాది నాకూ తెలియదయ్యా అని ఒప్పుకుని వచ్చాడు. కాలేజీలో తోటివాళ్ళు ఆయనకు 'తిరునాళ్ళ ప్రొఫెసరు' అని పేరు పెట్టారు. వెటకారానికే పెట్టారు. ఆయన మాత్రం బిరుదులా పుచ్చుకున్నాడు.

ఆయన ఉపన్యాసానికి ఒక పద్ధతి ఉండేది. ముందు ప్రశ్న వేసేవాడు. జవాబు మాత్రం అన్నిటికంటే చివర్న. మధ్యలో పిట్టకథలు, జనం చేత తప్పు జవాబులు చెప్పించడాలు, వాళ్ళలో వాళ్ళకి తగవులు పెట్టడాలు. "ముడి ముందే విప్పేస్తే ఇంకేముందే, తువ్వాలు దులుపుకుని లేచిపోతారు" అనేవాడు నాతో. మా పెద్దమ్మకు ఆ పద్ధతంటే ఒళ్ళు మంట. "కూరలో ఉప్పెక్కువైందో లేదో కూడా మజ్జిగలోకొచ్చేదాకా చెప్పరమ్మా మీ పెదనాన్న. ఈలోపు నేనూ అదే కూర వడ్డించుకుని చస్తా" అనేది. కానీ ఆ చివరి మాట కోసం జనం కదలకుండా కూర్చోవడం నేను చూశాను. పాలు పితికే వేళ దాటిపోతున్నా లేచేవాళ్ళు కాదు. ఆయన జవాబు చెప్పగానే "ఓహో!" అని ఒక్కసారిగా లేచే ఆ చప్పుడు మళ్ళీ ఏ సభలోనూ నేను వినలేదు. అందుకని ఆయన పద్ధతి తప్పని నేను ఒక్క ముక్కలో అనలేను.

ఇప్పుడు ప్రభ గురించి చెప్పాలి. మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, తెలియనివాళ్ళ కోసం. శివరాత్రికి కొండ కింద జరిగే తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు వెళ్తాయి. సరుగుడు బాదులతో, వెదుళ్ళతో తాటిచెట్టును మించిన చట్రం కట్టి, దానికి రంగుగుడ్డలు, దేవుడి బొమ్మలు, కరెంటు బల్బులు తొడిగి, ట్రాక్టరు ట్రక్కు మీద నిలబెట్టి, చుట్టూ మోకులు పట్టుకుని మనుషులు నడుస్తుండగా తీసుకెళ్తారు. బల్బులకు జనరేటరు ఉంటుంది. మా ఊరికీ పక్క ఊరికీ సంవత్సరమంతా వియ్యాలూ కయ్యాలూ మామూలే. శివరాత్రి ముందు మాత్రం ఎవరి ప్రభ ఎత్తన్నది ఒక్కటే గొడవ. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒక ఏడు, పక్క ఊరివాళ్ళు మునుపెన్నడూ లేనంత ఎత్తు కడుతున్నారని కబురొచ్చింది. మా ఊరి పెద్దలు మా నాన్నను వెంటబెట్టుకుని గుంటూరు వచ్చారు. "మన ప్రభ వాళ్ళదానికంటే మూరెడు పైనుండాలండి. పడకూడదు. ఎంతెత్తు కట్టొచ్చో తమరు లెక్కేసి చెప్పాల" అన్నారు. పెదనాన్న ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ తనే ఊళ్ళ వెంట లెక్కలు మోసుకుని తిరిగాడు. మొదటిసారి ఒక ఊరు, అదీ సొంత ఊరు, లెక్క కోసం తన గుమ్మంలోకి వచ్చింది. ఒక్క షరతు పెట్టాడు. ప్రభ కొండకు బయల్దేరే ముందు దాని ఎదురుగా నిలబడి తను మైకులో మాట్లాడాలి. అంతకంటేనా అన్నారు పెద్దలు.

ముందు రోజే ఊళ్ళో దిగి ప్రతి బాదునూ తూకం వేయించాడు, కొలిపించాడు. మా నాన్న ఆయన వెంటే తిరిగాడు. పదో తరగతితో చదువు ఆపేసి సేద్యంలోకి దిగిన మా నాన్నకు అన్న అంటే భక్తి. అర్థం కాకపోయినా ఆయన ఇంగ్లీషు వ్యాసాలు తెచ్చుకుని పొలం కాగితాలతో పాటు బీరువాలో దాచుకునేవాడు. పెదనాన్న ఎత్తు ఎంతో చెప్పాడు. జనరేటరును ట్రక్కులోనే, చట్రం అడుగున, సరిగ్గా మధ్యలో పెట్టమన్నాడు. "అక్కడే ఎందుకన్నయ్యా? మోత గదా, ఎనక ఇంకో బండి మీద పెడితే పోలా?" అని మా నాన్న అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. పెదనాన్న చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని నవ్వాడు. "అదేరా నా ఉపన్యాసం. రేపు మైకులో చెబుతా. అందరితో పాటు నువ్వూ విందువుగాని" అన్నాడు. ముడి ముందే విప్పమన్నందుకు మా నాన్న కాస్త సిగ్గుపడి తనూ నవ్వాడు.

మర్నాడు ఎండ తగ్గేసరికి బడి ముందు మైదానంలో ప్రభ నిలబడింది. బల్బులు వెలిగించారు. జనరేటరు మోతకు పక్కన మనిషి మాట వినపడటం లేదు. పెదనాన్న ఇంకా మా ఇంట్లో కాఫీ తాగుతున్నాడు. అప్పుడు మా నాన్న, అవును, మా నాన్నే, "మా అన్నయ్య మాట్లాడుతుంటే ఆ మోతేందిరా? దించండి దాన్ని. దూరంగా పెట్టి తీగ లాగండి" అని కేకేశాడు. అంతా అదే సబబన్నారు. పెద్దమనిషి మాట్లాడుతుంటే పక్కన చప్పుడు చెయ్యడం మా ఊళ్ళో చిన్న తప్పు కాదు. పదిమంది కలిసి జనరేటరును దించి, బడి వెనక ఇంకో ట్రాక్టరు మీదకెక్కించి, పొడుగాటి తీగతో బల్బులకు కలిపారు. ప్రభ అడుగున ఆయన లెక్కలో వేసుకున్న బరువు పోయింది. పైకి తేడా ఏమీ లేదు. ప్రభ అలాగే నిటారుగా నిలబడి వెలుగుతోంది. మా నాన్న ఒక మోకు పట్టుకుని నిలబడ్డాడు. మిగతా అందరం చాపల మీద సర్దుకుని కూర్చున్నాం.

పెదనాన్న వచ్చి మైకు అందుకున్నాడు. "ఇంత ఎత్తు ప్రభ ఎందుకు పడిపోదు?" అని అడిగాడు. శివుడి దయ అని ఒకరు, మోకులు పట్టినోళ్ళ జబ్బలని ఒకరు, మన ఊరి పరువని ఇంకొకరు. ఆయన సంతోషానికి పట్టపగ్గాలు లేవు. కొంచెం కదిపితే ప్రభ ఊగి, మళ్ళీ తనంతట తనే సర్దుకోవడం కళ్ళారా చూపించి, ఆ తర్వాత కారణం చెప్పాలని ఆయన ఏర్పాటు. నాలుగడుగులు ముందుకు పోనిమ్మని ట్రాక్టరు డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ట్రాక్టరు కదిలింది. అప్పుడే ఆయనకు ఏదో తట్టింది. "మోత లేదేంట్రా? జనరేటరేదీ?" అన్నాడు మైకులోనే. "మీ కోసమేనండీ, దూరంగా పెట్టిచ్చాం!" అని పెద్దలు గర్వంగా చెప్పారు. "ఆపండి!" అని అరిచాడు. ఆయన మాట కాదనడం ఎరగని డ్రైవరు ఉన్నపళాన బ్రేకు మీద కాలేశాడు. ఆ కుదుపుకి ప్రభ ముందుకు ఒరిగింది. మోకులు పట్టినవాళ్ళు జనం లేచి పరుగెత్తేదాకా ఎలాగో ఆపారు. తర్వాత వాళ్ళూ వదిలేశారు. మా నాన్న వదల్లేదు. చట్రం పక్క బాదు ఆయన కుడికాలి మీద పడింది.

ఊళ్ళో ఒక్కరు కూడా పెదనాన్నను పల్లెత్తు మాట అనలేదు. పక్క ఊరివాళ్ళ దిష్టి తగిలిందన్నారు. గుమ్మడికాయ కొట్టడం మర్చిపోయామన్నారు. ఎవరో ఒకరు తిట్టినా ఆయన తట్టుకునేవాడేమో. ఎందుకు పడిందని ఒక్కరూ అడక్కపోవడం ఆయన్ని కుంగదీసింది. గుంటూరు ఆసుపత్రిలో మా నాన్న మంచం పక్కన కళ్ళజోడు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "నీ లెక్కలో తప్పేం లేదన్నయ్యా. దించమంది నేనే" అన్నాడు మా నాన్న. "లెక్క తప్పు కాదురా. నువ్వడిగినప్పుడు చెప్పకపోవడం తప్పు" అన్నాడు ఆయన. ఇంకేదో అనబోయాడు. ఇంతలో నర్సు వచ్చి కట్టు మార్చాలి, బయటికెళ్ళమంది. ఆ కాలు మళ్ళీ సరిగా రాలేదు. మా నాన్న ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కుంటుతూనే పత్తి చేలో తిరిగాడు.

పెదనాన్న ఆ రోజు తర్వాత ఎక్కడా మైకు పట్టుకోలేదు. ఎవరు పిలవడానికొచ్చినా గొంతు బాగోలేదనేవాడు. మొదట్లో వచ్చేవాళ్ళు వచ్చారు, తర్వాత మానేశారు. చీకటి గదిలో పని మాత్రం రెట్టింపు చేశాడు. శిష్యులు పెరిగారు, శాలువాలు పెరిగాయి, ఆయన పేరు మేము చదవలేని పత్రికల్లోకి ఎక్కింది. తిరునాళ్ళ ప్రొఫెసరన్న పేరు మాసిపోయినందుకు కాలేజీవాళ్ళు సంతోషించారు కూడా. నాకు ఆ శాలువాలంటే ఒళ్ళు మండేది. ఆయన పరిశోధన ఆయన కాకపోతే ఇంకొకరు, కాస్త ఆలస్యంగానైనా చేసేవాళ్ళే. గ్లాసులో పాలచుక్కలు వేసి మా ముసలమ్మలకు సూర్యాస్తమయం చూపించే మనిషి మళ్ళీ మా నేలకు రాలేదు. ఆ ఉపన్యాసాల్లో ఒక్కటీ ఎవరూ రాసి పెట్టలేదు, రికార్డు చెయ్యలేదు. అప్పట్లో ఆ ఆలోచన ఎవరికీ లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాడుగా అనుకున్నాం.

అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవని కాదు. నెలకోసారైనా కలిసేవాళ్ళు. వానలు, మిరప ధర, పత్తికి పట్టిన గులాబీరంగు పురుగు, నా పెళ్ళి, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఆ సాయంత్రం సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తకపోతేనేం, ప్రభ ఎందుకు పడిందో చదువుకున్నవాళ్ళెవరినడిగినా చెబుతారుగా, అన్నాను ఒకసారి మా నాన్నతో. "నాకు తెలుసుకోవడం కాదే కావల్సింది. మా అన్నయ్య చెబుతుంటే వినాల. అడిగితే ఆయన మనసు కష్టపడుద్ది. ఆయనే ఎప్పుడో చెబుతాడులే" అన్నాడు. గుంటూరులో మా పెద్దమ్మ ఇంకో కథ చెప్పింది. "వాడు ఒక్కసారి అడిగితే చెప్పేవాణ్ణి. అడగనివాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని, కాలు విరగ్గొట్టిన పాఠం ఏ ముఖంతో చెప్పను?" అని పెదనాన్న ఆవిడతో అన్నాడట. ఇటు మాట అటు చెప్పనా అని అడిగితే, వద్దంది పెద్దమ్మ. అన్నదమ్ముల మధ్య మనం దూరకూడదమ్మా, అంది. మా ఇళ్ళలో మర్యాదకు ఎప్పుడూ కొదవ లేదు.

పెద్దమ్మ పోయాక పెదనాన్నకు మరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో, తర్వాత శిష్యుల పేర్లు, ఆ తర్వాత ఏ ఊళ్ళో ఉన్నాడో. ఆయన్ని కనిపెట్టుకుని ఉండే శిష్యుడు ఒకరోజు ఫోను చేసి, చూసిపోయేవాళ్ళు త్వరగా చూసిపొమ్మన్నాడు. నేనూ మా నాన్నా వెళ్ళాం. దారిలో కారులో మా నాన్న, "ఇవాళ అడిగేస్తానే. ఇంక ఆగేది లేదు" అన్నాడు. పెళ్ళిచూపులకు వెళ్తున్నవాడిలా కొత్త చొక్కా వేసుకున్నాడు. పెదనాన్న వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. మా నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "అన్నయ్యా, ఆ యేళ మైకులో చెబుతానన్నావే, అది ఇప్పుడు చెప్పు" అన్నాడు.

పెదనాన్న మా నాన్నను మర్యాదగా చూశాడు. "ఏ మైకండీ?" అన్నాడు.

పెదనాన్న చూపు కిందికి దిగి మా నాన్న కుడికాలి మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. "అయ్యయ్యో, కాలికేమైందండీ?" అని అడిగాడు. మా నాన్న గొంతు సవరించుకుని, సొంత అన్నను మొదటిసారి 'అండీ' అంటూ, "చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డానండి" అన్నాడు.

పెదనాన్న ముఖంలోకి వెలుగొచ్చింది. కుర్చీలో ముందుకు జరిగాడు. "ఎందుకు పడ్డారో చెప్పనా? ముందే చెప్పేస్తాను. ఇలాంటివి చివరిదాకా దాచకూడదండీ, ప్రమాదం" అన్నాడు. ఎందుకు దాచకూడదో ఆయనకు గుర్తు లేదు. దాచకూడదన్న సంగతి మాత్రం మిగిలింది. మంచినీళ్ళ గ్లాసు తీసుకుని, బరువు పైనుంటే ఏమవుతుందో, కిందుంటే ఏమవుతుందో, అడుగున ఉన్న బరువు తీసేస్తే నిలబడ్డది నిలబడ్డట్టే కనపడుతూ ఎంత చిన్న కుదుపుకి పడిపోతుందో చెప్పాడు. పిట్టకథలు లేవు, ముడి లేదు. గ్లాసును ఇటూ అటూ ఒంచి చూపించాడు. నీళ్ళు ఆయన పంచె మీద పడ్డాయి. మా నాన్న కళ్ళార్పకుండా విన్నాడు. అయిపోయాక, "ఓహో" అన్నాడు. ఆ ఒక్క మాటకి పెదనాన్న పసిపిల్లాడిలా నవ్వి, "అర్థమైందా మీకు?" అని అడిగాడు. అర్థమైందండీ, అన్నాడు మా నాన్న.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా నాన్న కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. దాచుకోకుండా, పైకే ఏడ్చాడు. ఏటుకూరు దాటాక తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఎంత బాగా చెప్పాడే! ఏం లాభం, తమ్ముడికి చెప్పలేదు, ఎవరో దారినపోయేవాడికి చెప్పాడు" అన్నాడు. అదే ఆయన అన్నగారి చివరి ఉపన్యాసం. ఆ తర్వాత పెదనాన్న ఎక్కువ రోజులు లేడు. మా నాన్న కూడా ఇప్పుడు లేడు. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని అన్నేళ్ళు ఓపిగ్గా ఆగారు. కాలానికి మాత్రం ఎవరి కోసమూ ఆగే మర్యాద లేదు.